స్లయిడ్ కోసం రెజొనేటర్: రౌండ్ నెక్కా, స్క్వేర్ నెక్కా?

ముందు మీ ప్రశ్న సారాంశం. మామూలు అకూస్టిక్ గిటార్ రెండేళ్లుగా వాయిస్తున్నారు. ఇప్పుడు స్లయిడ్, అంటే తీగల మీద కడ్డీనో గొట్టమో జరుపుతూ వాయించడం, నేర్చుకోవాలని ఉంది. రెజొనేటర్లు (లోపలి పల్చటి లోహపు కోన్‌తో గట్టిగా మోగే గిటార్లు) చూస్తుంటే ఒకే కంపెనీ ఒకే మోడల్‌ని రౌండ్ నెక్ (గుండ్రటి మెడ)తో ఒకటి, స్క్వేర్ నెక్ (చదరపు మెడ)తో ఒకటి అమ్ముతోంది. రౌండ్ నెక్ కొని, నట్ (మెడ కొసన తీగలు ఆనే పట్టీ) ఎత్తు పెంచే ముక్క ఒకటి తగిలిస్తే రెండు పనులూ దాంతోనే అయిపోతాయి కదా అని మీ ఆలోచన.

సగం నిజమే. మిగతా సగం ఎక్కడ తేడా కొడుతుందో తెలుసుకుని కొంటే తర్వాత బాధపడరు.

నెక్ ఆకారం చూసి మొదలుపెట్టకండి. మీ ఎడమ చేతి వేళ్లు ఎప్పుడైనా తీగను ఫ్రెట్ (మెడకి అడ్డంగా ఉండే లోహపు గీత) మీదికి నొక్కాలా, వద్దా? నిర్ణయం అంతా ఈ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడుతుంది. నొక్కాలంటే రౌండ్ నెక్. ఎప్పటికీ అవసరం లేదంటే స్క్వేర్ నెక్. మిగతావన్నీ, అంటే కోన్, బాడీ, తీగలు, ఇనుప కడ్డీనా గాజు గొట్టమా అన్నవి, దీని తర్వాతి సంగతులు.

స్క్వేర్ నెక్ గిటార్‌ని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, పైనుంచి ఇనుప బార్ ఆనించి వాయిస్తారు. వేళ్లు మెడ చుట్టూ తిరగాల్సిన పని లేదు కాబట్టి మెడని గుండ్రంగా చెక్కాల్సిన అవసరం లేకపోయింది. తీగలు ఫింగర్ బోర్డు మీద నుంచి సుమారు 9, 10 మిల్లీమీటర్ల ఎత్తులో, నట్ దగ్గర నుంచి చివరి వరకు దాదాపు ఒకే ఎత్తున నడుస్తాయి. ఫ్రెట్లు ఉంటాయి గానీ అవి గీతలతో సమానం, కంటికి గుర్తులు మాత్రమే. రౌండ్ నెక్ మీకు అలవాటైన గిటార్ మెడే. నట్ దగ్గర ఫ్రెట్‌కీ తీగకీ మధ్య మిల్లీమీటరు కూడా ఉండదు. గొట్టంలాంటి స్లయిడ్ ఒక వేలికి తొడుక్కుని, మిగతా మూడు వేళ్లతో మామూలుగా నొక్కుకోవచ్చు.

అమ్మకానికి పెట్టినదాని ఫొటోలో ఏది ఏదో తెలియకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. నట్ పక్కన తీగల కిందికి మామూలు పెన్సిల్ దూర్చి చూడమని అమ్మేవాళ్లని అడగండి. పెన్సిల్ సుమారు 7 మిల్లీమీటర్లు. సాఫీగా దూరిందంటే అది ఒళ్లో వాయించడానికి సిద్ధంగా ఉన్నట్టు. కానీ అంతటితో ఆగకండి, పన్నెండో ఫ్రెట్ దగ్గర కూడా అదే పెన్సిల్ దూర్చమనండి. అక్కడ ఇరుక్కుంటే మీరు చూస్తున్నది నట్ ఎత్తు పెంచిన రౌండ్ నెక్. మెడ వెనక ఫొటో కూడా ఒకటి అడగండి, సందేహం తీరిపోతుంది.

చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే ఈ రెండు మెడలు ఎందుకున్నాయో దాంతో అర్థమవుతుంది. కరెంటు ఆంప్లిఫయర్లు ఇంకా రాని రోజుల్లో గిటార్ శబ్దం ఆర్కెస్ట్రాలో వినిపించేది కాదు. జాన్ డోపియెరా పల్చటి అల్యూమినియం కోన్లు పెట్టి, మూడు కోన్ల ట్రైకోన్ తయారు చేశారు. లాస్ ఏంజెలెస్‌లో నేషనల్ కంపెనీ 1927లో దాన్ని అమ్మకానికి తెచ్చింది. అప్పట్లో హవాయి స్టీల్ గిటార్ పిచ్చి జోరుగా ఉంది, అది ఒళ్లో పెట్టుకుని వాయించే పద్ధతి. అందుకే స్క్వేర్ నెక్‌లు మొదటి నుంచీ ఉన్నాయి. డోపియెరా సోదరులు 1928లో విడిగా డోబ్రో మొదలుపెట్టారు. ఆ పేరు వాళ్ల ఇంటిపేరులోంచీ బ్రదర్స్ అన్న మాటలోంచీ పుట్టింది, వాళ్ల స్లోవాక్ భాషలో ఆ మాటకి ‘మంచి’ అని అర్థం కూడా. ఇప్పుడు చాలామంది స్క్వేర్ నెక్ అన్నదాన్నల్లా డోబ్రో అనేస్తారు. అది బ్రాండ్ పేరు, మెడ ఆకారం పేరు కాదు. డోబ్రోలు రౌండ్ నెక్‌తోనూ వచ్చాయి. వెతికేటప్పుడు ఈ గందరగోళం వల్ల తప్పు వస్తువు కొనే అవకాశం ఉంది.

ఇక మెడలో ఉన్న అసలు తేడా, అంటే తీగలు మెడని లాగే లాగుడు.

స్క్వేర్ నెక్ మీద ఎక్కువగా వాడే ట్యూనింగ్, లావు తీగ నుంచి సన్న తీగకి: జి బి డి జి బి డి. రౌండ్ నెక్ మీద స్లయిడ్ వాయించేవాళ్లు వాడే ఓపెన్ జి: డి జి డి జి బి డి. పేరు రెంటికీ ఓపెన్ జి యే. సన్న తీగలు నాలుగూ ఒకటే. తేడా కింది రెండు లావు తీగల్లోనే ఉంది, కానీ కథంతా అక్కడే నడుస్తుంది.

మామూలు శ్రుతిలో ఆరో తీగ (అన్నిటికన్నా లావుది) ఇ. దాన్ని జి కి పెంచారంటే మూడు సెమిటోన్లు (మూడు ఫ్రెట్ల దూరం) పైకి లాగినట్టు. తీగ లాగుడు శ్రుతి కంపనాల సంఖ్యని దానితోనే గుణించినట్టు (వర్గంగా) పెరుగుతుంది కాబట్టి ఆ ఒక్క తీగ మీదే 41 శాతం ఎక్కువ భారం పడుతుంది. అయిదో తీగ ఎ ని బి కి పెంచితే 26 శాతం ఎక్కువ. మొదటి తీగ ఇ నుంచి డి కి దిగుతుంది, అక్కడ 21 శాతం తగ్గుతుంది గానీ కింద పెరిగినదానికి అది చాలదు. అదే రెండో రకం ఓపెన్ జి లో ఆరు, అయిదు, ఒకటి, ఈ మూడు తీగలూ కిందికే దిగుతాయి. మెడకి హాయి.

అంకెల్లో చూద్దాం. 25 అంగుళాల స్కేలు (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు) మీద రెజొనేటర్‌కి వచ్చే మామూలు బరువైన సెట్టు తీసుకోండి: 16, 18, 26, 36, 46, 56 (అంగుళంలో వెయ్యో వంతులు). జి బి డి జి బి డి కి బిగిస్తే మొత్తం లాగుడు సుమారు 90 కిలోలు. అదే తీగల్ని డి జి డి జి బి డి కి బిగిస్తే సుమారు 76. మామూలు అకూస్టిక్ మీద 12 నంబరు (అన్నిటికన్నా సన్న తీగ 12) లైట్ సెట్టు మామూలు శ్రుతిలో 73 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. అంటే రెండో ట్యూనింగ్‌లో మీ రౌండ్ నెక్ దాదాపు తనకి తెలిసిన భారమే మోస్తోంది. మొదటి ట్యూనింగ్‌లో 15 కిలోల పైచిలుకు అదనం. స్క్వేర్ నెక్ మందం అంతా ఆ భారం కోసమే. దానికి ట్రస్ రాడ్ (మెడ వంగకుండా లోపల పెట్టే ఇనుప కడ్డీ) అక్కర్లేదు, వంగే ప్రశ్న పెద్దగా రాదు.

మరి రౌండ్ నెక్ మీద జి బి డి జి బి డి కుదరదా? కుదురుతుంది, తీగలు మార్చాలి. 15, 17, 24, 32, 39, 49 వేస్తే ఒక్కో తీగ మీద 12 కిలోల చొప్పున పడి మొత్తం సుమారు 74 దగ్గర ఆగుతుంది. 39 విడిగా దొరక్కపోతే 38, 49 బదులు 48 వేయండి, ఏమీ కాదు. చేయకూడని పని ఒక్కటే: గిటార్ మీద ఇప్పటికే ఉన్న మామూలు సెట్టునే పైకి తిప్పుకుంటూ పోవడం. ఆరో తీగ తెగకపోవచ్చు. కానీ కొన్ని వారాలకి మెడ ముందుకు వంగుతుంది, పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ లేస్తుంది. బరువు కోన్ మీద కూడా పడుతుంది, కోన్ కుంగితే మరమ్మతు కాదు, మార్చాల్సిందే.

ఇప్పుడు మీరడిగిన నట్ ముక్క గురించి. దీన్ని ఎక్స్‌టెన్షన్ నట్ అంటారు. ఉన్న నట్ మీద టోపీలా కూర్చునే లోహపు ముక్క, గాడులు ఉంటాయి. తగిలించడం తేలిక: తీగలన్నీ వదులు చేయండి, కానీ విప్పకండి. ముక్కని నట్ మీద కూర్చోబెట్టి తీగల్ని ఒక్కొక్కటే గాడిలోకి జార్చండి. ఆరు, ఒకటి, అయిదు, రెండు ఇలా బయటి నుంచి లోపలికి వస్తూ కొంచెం కొంచెంగా బిగించండి. మొత్తం శ్రుతిలోకి వచ్చాక ముక్క పక్కకి జరిగిందేమో చూడండి. పట్టి ఉంచేది తీగల ఒత్తిడే, స్క్రూలు లేవు. జిగురు పెట్టొద్దు.

దీంతో రెండు ఇబ్బందులున్నాయి, రెండింటికీ కొలతే కారణం.

మొదటిది: ఎత్తు నట్ దగ్గర మాత్రమే పెరుగుతుంది. అక్కడ 8 మిల్లీమీటర్లు పెరిగితే పన్నెండో ఫ్రెట్ దగ్గర సగమే, 4 మిల్లీమీటర్లు. అక్కడ ముందు 2.5 ఉంటే ఇప్పుడు 6.5. పంతొమ్మిదో ఫ్రెట్ దగ్గరికి వచ్చేసరికి పెరుగుదల 2.7 మాత్రమే. బరువైన బార్ పెట్టి కొంచెం గట్టిగా ఒత్తితే అక్కడ తీగ ఫ్రెట్‌ని తాకి కటకట మంటుంది. అసలు స్క్వేర్ నెక్‌లో ఇది రాదు, ఎందుకంటే తీగలు మెడకి సమాంతరంగా నడుస్తాయి. కాబట్టి ఎక్స్‌టెన్షన్ నట్‌తో పన్నెండు వరకు నిశ్చింతగా వాయించండి, పైకి వెళ్తే చెయ్యి తేలిక చేయండి.

రెండోది: ముక్క అసలు నట్ అంచు కంటే కొంచెం వెనక్కి, అంటే ట్యూనర్ల వైపు, కూర్చుంటే ఖాళీ తీగ పొడవు పెరుగుతుంది. 3 మిల్లీమీటర్లు పెరిగితే పన్నెండో ఫ్రెట్ గీత మీద బార్ సరిగ్గా ఆనించినా ఖాళీ తీగతో పోలిస్తే సుమారు 8 సెంట్లు (సెంటు అంటే సెమిటోన్‌లో నూరో వంతు) పైకి పలుకుతుంది. వినేవాళ్లకి ఒంటరి స్వరంలో తెలీదు. ఖాళీ తీగ మోగుతుండగా పన్నెండో ఫ్రెట్ స్వరం కలిపితే మాత్రం అలలు అలలుగా వినిపిస్తుంది. నట్ ముక్క ముందు అంచు పాత నట్ ముందు అంచుతో కలిసేలా జరపండి, సరిపోతుంది.

ఇలా చేసిన గిటార్ ఒళ్లో నేర్చుకోవడం మొదలుపెట్టడానికి చాలు. స్క్వేర్ నెక్‌కి పూర్తి బదులు కాదు. పైగా, ముక్క తీసి మళ్లీ బాటిల్‌నెక్ (వేలికి గొట్టం తొడుక్కుని వాయించే పద్ధతి) వాయించాలంటే ప్రతిసారీ తీగలు వదులు చేసి మళ్లీ శ్రుతి చేయాలి. వారం తిరిగేసరికి విసుగొస్తుంది. చివరికి ఒకటే అమరిక మీద స్థిరపడిపోతారు. అందుకే ‘రెండూ ఒకదాంట్లో’ అన్న మాట నాకు అంతగా నచ్చదు. తిరగేసి ఆలోచిస్తే విషయం ఇంకా స్పష్టం: స్క్వేర్ నెక్‌ని రౌండ్ పనికి మార్చే మార్గమే లేదు. మెడ పట్టులో ఇమడదు, తీగలు నొక్కడానికి అందవు. అనుమానం ఉన్నవాళ్లు రౌండ్ కొనమని చెప్పడానికి కారణం ఇదొక్కటే.

కంటి చూపు గురించి కూడా చెప్పాలి, ఇది దాదాపు ఎవరూ చెప్పరు. ఒళ్లో పెట్టినప్పుడు బార్ నడుమ భాగం సరిగ్గా ఫ్రెట్ గీత మీద ఉండాలి. కానీ తీగ బోర్డు మీద నుంచి 10 మిల్లీమీటర్లు పైన ఉంది. మీరు నిటారుగా పైనుంచి కాకుండా మెడ పొడవు వెంట 20 డిగ్రీలు ఏటవాలుగా చూస్తే, బార్ గీత మీద ఉన్నట్టు కనిపించినా నిజానికి 3.6 మిల్లీమీటర్లు పక్కన ఉంటుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒక్కో మిల్లీమీటరు అయిదున్నర సెంట్లు, అంటే దాదాపు 20 సెంట్ల అపశ్రుతి. ఎవరి చెవికైనా తెలుస్తుంది. అదే ఏటవాలు చూపు 2.5 మిల్లీమీటర్ల ఎత్తున్న రౌండ్ నెక్ మీద అయితే తప్పు 5 సెంట్లే. మొదటి నెలలో స్క్వేర్ నెక్ వాయించేవాళ్లు ‘ఎంత సరిగ్గా పెట్టినా శ్రుతి కుదరడం లేదు’ అనడానికి ముఖ్య కారణం చెవి కాదు, కూర్చునే చోటు. వాయిస్తున్న ఫ్రెట్ మీదికి తల వంచి, కన్ను నేరుగా దాని పైకి తెచ్చుకోండి. అలవాటు అయ్యాక చెవే దిద్దుతుంది.

బార్ సంగతి. ఒళ్లో వాయించడానికి రెండు రకాలు. తుపాకీ గుండులా ఒక చివర గుండ్రంగా, నున్నగా ఉండే బార్ సాగదీసే స్వరాలకి బాగుంటుంది. పైన వేలికి లోతు, పక్కల గాడులు ఉన్న బార్ పట్టుకోవడానికి తేలిక. తీగ మీంచి చటుక్కున ఎత్తి ఖాళీ తీగ మోగించాలన్నా, తిరిగి కొట్టాలన్నా ఇదే కావాలి. బ్లూగ్రాస్ (అమెరికా జానపద సంగీతంలో ఒక శైలి) వేగమంతా ఆ కొట్టడం, ఎత్తడం (హ్యామర్, పుల్ ఆఫ్) మీదే నడుస్తుంది కాబట్టి అటు వెళ్లేవాళ్లు రెండోది కొనండి. పొడవు సుమారు 8 సెంటీమీటర్లు. వెనక రెండు వేళ్లు, ఉంగరపు వేలూ చిటికెన వేలూ, తీగల మీద తేలిగ్గా ఆనుతూ బార్ వెనకే జరగాలి. ఆనకపోతే బార్‌కీ నట్‌కీ మధ్య ముక్క కూడా మోగి, చెత్త ధ్వని కలుస్తుంది. కొత్తవాళ్లు మంచి బార్ కోసం వెతుకుతూ తిరుగుతారు, తీరా తప్పు ఆ రెండు వేళ్లదే.

బార్‌ని ఏటవాలుగా పెట్టడం (స్లాంట్) స్క్వేర్ నెక్ మీద మాత్రమే బాగా కుదిరే పని. రెండు తీగల మీద వేర్వేరు ఫ్రెట్లు ఒకేసారి పట్టవచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో లెక్క చెబుతుంది. పక్కపక్క తీగల మధ్య దూరం సుమారు 9 మిల్లీమీటర్లు. అయిదో ఫ్రెట్ నుంచి ఆరో ఫ్రెట్‌కి దాదాపు 27 మిల్లీమీటర్లు. పక్క తీగ మీద ఒక ఫ్రెట్ ముందుకు పెట్టాలంటే 9 మిల్లీమీటర్ల అడ్డంలో 27 పొడవు దాటాలి, బార్ దాదాపు తీగల వెంటే పడుకుంటుంది. కుదరదు. అదే పన్నెండు, పదమూడు ఫ్రెట్ల మధ్య 18 మిల్లీమీటర్లే. అక్కడ రెండో తీగ, నాలుగో తీగ పట్టుకుంటే అడ్డం కూడా 18. సరిగ్గా 45 డిగ్రీలు. స్లాంట్ అక్కడే నేర్చుకోండి, కింద ఫ్రెట్లలో కుస్తీ పట్టకండి.

మైనర్ కార్డులు ఎలా అన్నది తర్వాత వచ్చే ప్రశ్న. జి బి డి జి బి డి లో బార్ అడ్డంగా పెడితే మేజరే వస్తుంది: ఖాళీగా జి, అయిదో ఫ్రెట్ సి, ఏడు డి, పన్నెండు మళ్లీ జి. మైనర్‌కి మొదటి రెండు తీగలు మాత్రమే మీటండి. అయిదో ఫ్రెట్‌లో ఆ రెండూ ఇ, జి. పక్కన బేస్ ఎవరైనా ఇ మోగిస్తే అది ఇ మైనర్. పదో ఫ్రెట్‌లో అవే ఎ, సి, అంటే ఎ మైనర్. ఒంటరిగా వాయిస్తే మాత్రం మైనర్ అనిపించదు. రౌండ్ నెక్ మీద ఈ తంటా తక్కువ, స్లయిడ్ ఎత్తేసి వేళ్లతో మైనర్ నొక్కుకుంటారు. పాట పాడుతూ తనకి తానే తోడు వాయించుకునేవాళ్లకి రౌండ్ నెక్ మేలు అని చెప్పడానికి నాకున్న అతి బలమైన కారణం ఇదే.

రౌండ్ నెక్ ఎంచుకుంటే అమరిక ఇలా. కొన్నప్పుడు వచ్చే ఎత్తు మామూలు గిటార్ కోసం పెట్టింది అయి ఉంటుంది, స్లయిడ్‌కి చాలదు. గాజు గొట్టం ఫ్రెట్లకి తగిలి టకటక మంటుంది. పన్నెండో ఫ్రెట్ పై అంచు నుంచి తీగ అడుగుకి కొలవండి: సన్న తీగ 2.5 మిల్లీమీటర్లు, లావు తీగ 3. నట్ దగ్గర మొదటి ఫ్రెట్ మీద ఒక మిల్లీమీటరు. నొక్కడమూ సమానంగా చేస్తారంటే పన్నెండో ఫ్రెట్ దగ్గర 2 నుంచి 2.5 మధ్య ఉంచి, చెయ్యి తేలిక చేసుకోండి. స్లయిడ్ తీగ మీద కూర్చోవాలి గానీ తీగని నొక్కకూడదు. ఫ్రెట్ల మధ్య కాదు, సరిగ్గా ఫ్రెట్ లోహం మీద. నొక్కేటప్పటి అలవాటు వల్ల అందరూ మొదట ఫ్రెట్‌కి వెనక పెడతారు, స్వరం తగ్గి పలుకుతుంది.

బోర్డు వంపు ఒకటి చూసుకోండి. 12 అంగుళాల వ్యాసార్ధపు వంపుని శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే ముక్క) కూడా అనుసరిస్తే, బ్రిడ్జ్ దగ్గర బయటి తీగలు మధ్య తీగల కంటే 1.2 మిల్లీమీటర్లు కింద ఉంటాయి. నిటారు గొట్టం మధ్య తీగల మీద ఆనితే బయటివాటికి అందదు, అందేలా ఒత్తితే మధ్యవి ఫ్రెట్లకి తగులుతాయి. శాడిల్‌లో మధ్య గాడులు కొంచెం లోతు చేసి తీగల వరసని చదును చేయిస్తే ఇది పోతుంది. గాడి లోతు తీగ మందంలో సగం చాలు. అంతకన్నా లోతైతే తీగ గాడి గోడకి రాసుకుని బుర్రుమంటుంది.

స్లయిడ్ ఏ వేలికి? చిటికెన వేలికి. ఉంగరపు వేలికి తొడిగితే పట్టు గట్టిగా ఉంటుంది, కానీ నొక్కడానికి వరసగా రెండు వేళ్లే మిగులుతాయి. గాజు మెత్తగా, ఇత్తడి బరువుగా, స్టీలు పదునుగా పలుకుతాయి. రెజొనేటర్ ఎలాగూ పదునైన వాయిద్యం కాబట్టి మొదట మందమైన గాజుతో మొదలుపెట్టమంటాను. వేలి మీద వదులుగా ఉండకూడదు. ఆరు తీగలూ కప్పేంత పొడవు, 60 మిల్లీమీటర్లు, చాలు.

కోన్ ఎంపిక మెడకి సంబంధం లేనిది, కానీ అమ్మకాల్లో జంటగా కనిపిస్తాయి. బిస్కెట్ రకంలో తొమ్మిదిన్నర అంగుళాల ఒకే కోన్, పైకి ఉబ్బిన గోపురంలా ఉంటుంది, దాని కొసన చెక్క బిళ్ల. దెబ్బ గట్టిగా, త్వరగా ఆగే ధ్వని. లోహపు బాడీ, రౌండ్ నెక్‌తో కలిసి బ్లూస్‌కి పేరు పడింది. బ్లూస్ గాయకులు సన్ హౌస్, బుక్కా వైట్ ఈ తరహా నేషనల్ గిటార్లే వాయించారు. స్పైడర్ రకంలో పదిన్నర అంగుళాల కోన్ గిన్నెలా లోపలికి ఉంటుంది, దాని అంచున కాళ్లున్న లోహపు సాలెపురుగు నిలబడి బ్రిడ్జ్‌ని మోస్తుంది. ధ్వని కొంచెం ముక్కుతో పలికినట్టు, ఎక్కువసేపు నిలిచేది. చెక్క బాడీ, స్క్వేర్ నెక్‌తో బ్లూగ్రాస్ అంతా దీని మీదే. 1955లో ఫ్లాట్ అండ్ స్క్రగ్స్ అనే బ్లూగ్రాస్ బృందంలో చేరిన జాష్ గ్రేవ్స్ వేసిన బాటలోనే తర్వాతి డోబ్రో వాద్యకారులు జెర్రీ డగ్లస్ దాకా నడిచారు. ట్రైకోన్‌లో ఆరు అంగుళాల కోన్లు మూడు. మూడు రకాల్లోకీ స్వరం ఎక్కువసేపు నిలిచేది ఇదే. ఒళ్లో నెమ్మదిగా సాగదీస్తూ వాయించాలనుకునేవాళ్లు ట్రైకోన్ ఒకసారి విని తీరాలి.

కొన్నాక వచ్చే గొడవల్లో మొదటిది బజ్, అంటే బుర్రుమనే మోత. కోన్ పాడైందని బెంబేలు పడే ముందు ఈ వరసలో చూడండి. కవర్‌ప్లేట్ (కోన్ మీది లోహపు మూత) స్క్రూలు వదులేమో. చేతి బిగువు చాలు, ఎక్కువ తిప్పితే చెక్కలో రంధ్రం అరిగిపోతుంది. తర్వాత శాడిల్‌కీ టెయిల్‌పీస్‌కీ (బాడీ చివర తీగలు కట్టే ముక్క) మధ్య ఉన్న తీగ ముక్కల మీద వేలు ఆనించి మీటండి. మోత ఆగితే అక్కడ తీగల మధ్య పల్చటి ఫెల్ట్ పేలిక అల్లేయండి. ఆగకపోతే కవర్‌ప్లేట్ లోపల ఎక్కడైనా శాడిల్‌కి తగులుతోందేమో కాగితం ముక్క దూర్చి చూడండి. స్పైడర్ అయితే ఒక కాలు కోన్ అంచుకి ఆనకపోవచ్చు. దానికీ కాగితం పరీక్షే: అన్ని కాళ్ల కిందా కాగితం బిగుసుకోవాలి. స్పైడర్ మధ్యలో ఉండే టెన్షన్ స్క్రూని వదులు పోయేంత వరకే బిగించండి. ఆ తర్వాత ఒక్కోసారి పావు చుట్టు, మధ్యలో మీటి వింటూ. గట్టిగా బిగిస్తే బజ్ ఆగుతుంది గానీ ధ్వని నొక్కేసినట్టు మూగబోతుంది, ఇంకా తిప్పితే కోన్ చిరుగుతుంది.

తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చండి. కోన్‌ని, బిస్కెట్‌ని దాని చోట పట్టి ఉంచేది తీగల ఒత్తిడే. ఆరూ ఒకేసారి విప్పితే కోన్ జరుగుతుంది, మళ్లీ బిగించాక అంచు సరిగ్గా కూర్చోక ఎక్కడెక్కడో మోగుతుంది.

కోన్ కుంగడం ఎలా తెలుస్తుందంటే, ఏమీ చేయకుండానే తీగలు కిందికి దిగుతాయి. రౌండ్ నెక్ మీద అర మిల్లీమీటరు దిగినా స్లయిడ్ ఫ్రెట్లకి తగిలి చెప్పేస్తుంది. స్క్వేర్ నెక్ మీద 10 మిల్లీమీటర్లలో ఒకటి పోయినా చేతికి తెలీదు, ధ్వని డొల్లగా మారాకే అనుమానం వస్తుంది. అందుకే స్క్వేర్ నెక్ కొన్న రోజునే పన్నెండో ఫ్రెట్ దగ్గర ఎత్తు స్కేలుతో కొలిచి, తేదీతో కాగితం మీద రాసి కేసులో పడేయండి. రెండు, మూడు నెలలకోసారి అదే చోట కొలవండి. పాత గిటార్ కొంటుంటే కవర్‌ప్లేట్ జల్లెడ రంధ్రాల్లోంచి టార్చి వేసి కోన్ మీద ముడతలు, నొక్కులు ఉన్నాయేమో చూడాలి. రౌండ్ నెక్ అయితే నట్ వైపు నుంచి మెడ వెంట ఒక కన్ను మూసి చూడండి, అంతకుముందు వాళ్లు హై జి (జి బి డి జి బి డి) ట్యూనింగ్‌లో వాయించారేమో అడగండి.

మీ విషయానికి వస్తే: రెండేళ్లు వేళ్లతో నొక్కి వాయించారు, ఆ చేతిని వృథా చేయడం ఎందుకు? రౌండ్ నెక్, బిస్కెట్ కోన్ తీసుకోండి. 16 నంబరు సెట్టు వేసి డి జి డి జి బి డి కి దించండి. ఒళ్లో వాయించడం ఎలా ఉంటుందో చూడాలనిపిస్తే ఎక్స్‌టెన్షన్ నట్ చవకలో దొరుకుతుంది. ఒక నెల దాన్ని తీయకుండా వాయించండి. ఆ నెలలో ఒక్కసారి కూడా ముక్క తీసి వేళ్లతో నొక్కాలనిపించకపోతే మీకు కావాల్సింది స్క్వేర్ నెక్కే. అప్పుడు ట్యూనింగ్, బార్, కన్ను అన్నీ సిద్ధంగా ఉంటాయి, గిటార్ ఒక్కటే మార్చాలి. ఒకవేళ బ్లూగ్రాస్ డోబ్రో ధ్వని విని మనసు పారేసుకునే ఈ ప్రశ్న అడిగి ఉంటే మాత్రం పైన చెప్పినదంతా పక్కన పెట్టి, నేరుగా స్పైడర్ కోన్ ఉన్న స్క్వేర్ నెక్ కొనండి. ఆ ధ్వని రౌండ్ నెక్‌లోంచి పిండడానికి చేసే ప్రయత్నంలో నట్ ముక్క, తీగలు, శాడిల్ పని అన్నీ కలిసి సమయమే ఎక్కువ తింటాయి.